చెరి సగం

"మీవాడు మెడలోతు నీళ్లలో ఉన్నాడు. మావాడు నడుంలోతులోనే. ఇద్దరం చెరి సగమంటే ఎట్టా అన్నయ్యా?"

రేపల్లె బస్టాండు పక్క హోటల్లో సాంబారన్నం కలుపుతూ కరుణాకర్ అడిగాడు.

జ్యోతిలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. తెనాలిలో బస్సెక్కినప్పటి నుంచి భర్త నాగేంద్రబాబుకీ, మరిది కరుణాకర్‌కీ ఇదే గోల.

పోయిన ఆదివారం సూర్యలంకలో స్నానానికి దిగిన తన కొడుకు ప్రణీత్‌నీ, మరిది కొడుకు నానినీ అల లోపలికి లాగేసింది. ఒడ్డున జనం ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తుంటే, ఎవరో ఒకాయన దూకి ఇద్దర్నీ ఒడ్డుకి ఈడ్చుకొచ్చాడు. పిల్లల్ని పట్టుకుని ఏడ్చే హడావుడిలో వీళ్లెవరూ ఆయన మొహం సరిగా చూడనేలేదు, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. అక్కడ చేపలు వేయించి అమ్మే ఆవిడ చెబితే తెలిసింది, ఆయనది నిజాంపట్నమనీ, పేరు వీరాంజనేయులనీ. ఆవిడిచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తి, "రండమ్మా, ఇంట్లోనే ఉంటాడు" అంది.

ఆ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకోవాలి. జ్యోతిలక్ష్మికి కావలసింది అంతే.

"ఆయనకి పదివేలు ఇద్దామనుకున్నాం కదరా?" అన్నాడు నాగేంద్రబాబు.

"నువ్వనుకున్నావు. సిలిండరు తెచ్చినోడికి ముప్పై, కటింగ్ చేసినోడికి ఇరవై, అన్నిటికీ ఓ లెక్కుంది. దీనికి ఇంతని ఎవడన్నా చెప్పాడా? మూడువేలిస్తేనే ఎక్కువ!"

"మీ ఇద్దరికీ దణ్ణం పెడతాను, కాస్త నోరు మూసుకుని తినండి" అంది జ్యోతిలక్ష్మి.

హోటల్ కిటకిటలాడుతోంది. చోటు లేక సర్వరు వాళ్ల బల్ల దగ్గరే నాలుగో కుర్చీలో ఒక నడివయసు మనిషిని కూర్చోబెట్టాడు. వెలిసిన చొక్కా. ఒళ్లో ఒక సంచి, ఎంతకీ కింద పెట్టడు. కుడిచేతికి కట్టు. ఎడం చేత్తో స్పూను పట్టుకుని, సగం అన్నం విస్తట్లో, సగం బల్ల మీద పోసుకుంటూ తింటున్నాడు.

"భోజనానికి స్పూనంట! ఏం సోకో!" కరుణాకర్ అన్న చెవిలో అన్నాడు. చెవిలో అన్నాడన్న మాటేగానీ పక్క బల్లకి కూడా వినిపించింది.

జ్యోతిలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. మాట మార్చడానికి, "చేతికి ఏమైందండీ?" అని అడిగింది.

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు.

"చేప కొరికిందమ్మా."

"అయ్యో! అంత పెద్ద చేపా?"

"పెద్దదేనమ్మా. బెదిరిపోయి కొరికింది."

"మరి చెయ్యి వదిలించుకోలేదా?"

"వదిలితే ఎట్టాగమ్మా?" ఆయన నవ్వాడు.

అన్నదమ్ములు మళ్లీ మొదలెట్టారు. ఐదువేలు, కాదు నాలుగు. ఆరు, అయితే నీవి నాలుగు నావి రెండు.

ఆయన కాసేపు విని, మెల్లగా అడిగాడు. "పిల్లల్ని తీసుకురాలేదా అండీ?"

"తీసుకొస్తే వాళ్లని చూసి రేటు పెంచుతాడండీ!" అని కరుణాకర్ పకపకా నవ్వాడు.

ఆయన స్పూను కింద పెట్టేశాడు.

"డబ్బులదేముందండీ, పిల్లలు కళ్లబడితే..."

"అబ్బబ్బ, మీకెందుకు బాబాయ్ మా ఇంటి గొడవ! మీ అన్నం మీరు తినండి" అని కసిరింది జ్యోతిలక్ష్మి. కోపం ఆ ఇద్దరి మీద. తీర్చుకున్నది మాత్రం ఈయన మీద.

"తప్పేనమ్మా" అన్నాడాయన. పెరుగైనా పోసుకోకుండా లేచి, సర్వరు చేతిలో ఇరవై కాగితం పెట్టి, సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

"చూశావా? చొక్కాకి గుండీల్లేవుగానీ టిప్పు మాత్రం ఇరవై!" అన్నాడు కరుణాకర్.

బిల్లు వచ్చింది. మీరిద్దరు, నేనొక్కణ్ణి, నాది మూడోవంతన్నాడు కరుణాకర్. నువ్వు రెండుసార్లు చేప వేపుడు తిన్నావన్నాడు నాగేంద్రబాబు. సర్వరుకి అన్న పది పెడితే తమ్ముడు అందులోంచి ఐదు వెనక్కి తీశాడు. ఈ రభస తేలేలోపు నిజాంపట్నం బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. జ్యోతిలక్ష్మి రోడ్డు మీదే నిలబడి ఇద్దర్నీ చెడామడా తిట్టింది.

తర్వాతి బస్సు పట్టుకుని, అడుగుతూ అడుగుతూ వీరాంజనేయులి ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది.

ఆయన భార్య మస్తానమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"ఇప్పుడే బోటెక్కాడమ్మా. మళ్లీ వారం దాకా రాడు."

"ఇంట్లోనే ఉంటాడన్నారుగా!" అన్నాడు కరుణాకర్.

"ఉంటాననే అన్నాడండీ. ఏమైందో ఏమో, బస్సు దిగొచ్చి, నేనూ వేటకి పోతున్నా అన్నాడు. మీ దగ్గర రూపాయి కూడా తీసుకోవద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

నాగేంద్రబాబు జేబులోంచి తీయబోయిన కవరు జేబులోనే ఉండిపోయింది.

మస్తానమ్మ లోపలికెళ్లి ఒక పొట్లం తెచ్చి జ్యోతిలక్ష్మి చేతిలో పెట్టింది.

"కాజాలమ్మా. పిల్లలు కూడా వస్తారని, పొద్దున్నే రేపల్లె పోయి తెచ్చాడు."

"రేపల్లెకా?" అంది జ్యోతిలక్ష్మి.

"అవునమ్మా, కట్టు మార్పించుకుని అట్నుంచే తెచ్చాడు. ఉప్పునీళ్లు తగిలితే మంటెత్తుద్ది, పోవద్దయ్యా అన్నా వినలేదు తల్లీ. నీళ్లలో మీ పిల్లోడు బెదిరిపోయి కొరికిన గాటు ఇంకా పచ్చిగానే ఉంది."