గుబురయ్య దిగుడు

కొమ్మ పట్టుకుని వేలాడటమైతే ఎలుగుబంటి గుబురయ్యకు వచ్చుగానీ, ఆ బొద్దు ఒంటిని పైకి లాక్కోవడం మాత్రం ససేమిరా రాదండీ! రోజూ ఏనుగు కుంభమ్మత్త కిందనుంచి తొండంతో ఎత్తితేనే ఇప్పచెట్టెక్కి తేనెపట్టు నాకేవాడు. నాకేసి, దభీమని కిందికి దూకేసేవాడు.

"వానలు పడగానే నేను ఏరు దాటి పోతాన్రా అల్లుడూ. తర్వాత నీ తేనె గతేంటి?" అంది అత్త. గుబురయ్య గుండె గుభేలుమంది.

పైకొమ్మ మీది కొండముచ్చు పకపకా నవ్వాడు. "ఎక్కేటప్పుడు అత్త సాయం తీసుకో బావా. దిగేటప్పుడు మాత్రం దూకకు. కొమ్మ వదలకుండా, చేతులు మెల్లమెల్లగా చాపుతూ దిగు. బలం అక్కడే వస్తుంది."

"దిగితే ఎక్కడం వస్తుందా? నీ మొహం!" అన్నాడేగానీ, తేనెమీది ఆశ ఊరుకోనిస్తుందా? ఆనాటినుంచి రోజూ వణుకుతూ, మూలుగుతూ మెల్లగానే దిగసాగాడు.

తొలివాన పడింది. అత్త ఇంకా రాలేదు. గుబురయ్య కొమ్మ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. మోచేతులు మడతపడ్డాయి, గడ్డం కొమ్మ దాటింది, ఆ వెనకే పొట్టా దాటేసింది!

"అల్లుడూ, ఎక్కడున్నావురా? ఆఖరిసారి ఎత్తుతా, రా!" అంటూ వచ్చింది అత్త.

మూతినిండా తేనెతో గుబురయ్య పైనుంచి చెయ్యి చాపాడు. "చెయ్యందుకో అత్తా, నిన్నూ పైకి లాగేస్తా!"