మైనంలో మిగిలిన ముక్క

“ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేదైనా అడుగు తల్లీ,” అన్నారు పెద్దసారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

పరిశోధకురాలి ప్రాణం ఉసూరుమంది. ఆసుపత్రి నేలమాళిగలో, మైనం అచ్చుల్లో దాచిన పాత రోగుల కాలేయపు ముక్కలన్నిటికీ ఆయనే కాపలా. రిటైరయినా తాళంచెవులు మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయాయి. మనసు వెన్న, పట్టు ఉడుంపట్టు. చివరి తునక మాత్రమే మిగిలిన ముక్కని కోయాలంటే, ఆ రోగిగానీ, రోగి తాలూకు వాళ్లుగానీ ఒప్పుకోవాలని ఆయన పెట్టిన నియమం. ఆమె రికార్డులో ఉన్న ఆ రోగి పాత చిరునామా పట్టుకుని వెతికింది. ఆ ఇల్లు కూల్చేసి ఎన్నేళ్లయిందో! ఇక దిక్కుతోచక సారు ఇంటికే వచ్చి కూర్చుంది.

“అది లేకపోతే నా పరిశోధన మునిగినట్టే సార్. తాగుడు లేదు, కామెర్ల వైరస్ లేదు, పాతికేళ్లయినా నిండని మనిషికి కాలేయ క్యాన్సర్! అలాంటి ముక్క ఇంకోటి లేదు.”

“ఇన్నేళ్ల మైనంలో ఏం మిగులుతుందమ్మా?”

“మిగతావన్నీ తునాతునకలైపోతాయి. మైక్రో ఆర్ఎన్ఏ మాత్రం ఉంటుంది. మరీ పొట్టిది కదా, విరగడానికి దాంట్లో ఏముంది?” ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. “కణంలో ఆక్సిజన్ గాడి తప్పితే ఇనుముకి తుప్పు పట్టినట్టే సార్. ఆ తుప్పుని ఆపే జన్యువుల కళ్లెం ఈ పొట్టివాటి చేతిలోనే ఉంటుంది. ఆ పట్టు తప్పినచోటే క్యాన్సర్ మొదలవుతోందని నా అనుమానం.”

పెద్దసారు నవ్వారు. “మా రోజుల్లో అంత చిన్నది ఒకటుందనే తెలీదు. ముక్కని పల్చగా కోసి, గులాబీ, ఊదా రంగులద్ది మైక్రోస్కోపులో చూడటమే. వెలుతురు బాగుంటుందని కిటికీ పక్కన బల్ల వేసుకునేవాణ్ణి. ఆ ముక్క చూసింది కూడా అక్కడే. నా మొదటి క్యాన్సర్ రిపోర్టు. రాయడానికి చెయ్యి రాలేదనుకో. ఉండబట్టలేక వార్డుకి వెళ్తే, రెండు జడల పిల్ల ఒకతి మంచం మీద కూర్చుని పాట పాడుతోంది.”

వంటింట్లో గరిటె చప్పుడయింది. “మొదలెట్టారూ?” అన్నారు సారు భార్య.

“‘డాక్టరుగారూ, నా కాలేయం అందంగా ఉందా?’ అనడిగింది. ఏం పిల్లో!” సారు గొంతు మెత్తబడింది. “ఇప్పుడా జడలూ లేవు, ఆ పాటా లేదు. ఏమన్నా మిగిలిందంటే ఆ మైనంలోదే.”

పరిశోధకురాలికి కళ్లు చెమర్చాయి. అంతలోనే వంటింటివైపు చూసి ఇబ్బందిగా కదిలింది. పాపం, మొగుడికి పోయిన మనిషి మీద ఇంత బెంగ ఉంటే ఈవిడ ఇన్నేళ్లూ ఎలా భరించిందో!

“ఒక్క తునక పోతే ఏమవుతుంది సార్?”

“నవ్వకు మరి. ఆ రోగం ఆ మైనంలో పడుకున్నంతకాలం నాకు ధైర్యం. నిద్రపోయేదాన్ని లేపడం ఎందుకు?”

ఇంత చదివి ఇదేం చాదస్తం అనుకుంది ఆమె.

సారు భార్య టీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టారు. “ఆ పిల్ల గోల వింటూనే నా కాపురమంతా గడిచిపోయిందమ్మా. నా మొహం చూసి ఒక్కనాడైనా అలా గొంతు మెత్తబడిందేమో అడుగు.”

“నువ్వు మధ్యలో రాకు.”

“రాకపోతే ఎలా? ఇంకో ఆడపిల్లకి ఆ గతి పట్టకూడదని ఈ పిల్ల కాళ్లరిగేలా తిరుగుతుంటే, మీరేమో మైనం పట్టుకుని వేలాడుతున్నారు!”

“ఒప్పుకోవాల్సింది నేను కాదుగా. ఆ పిల్లని అడగాలంటే నాకు భయం. ఇన్నాళ్లూ అడగలేదు, ఇప్పుడూ అడగను.”

పరిశోధకురాలు సంచీ భుజాన వేసుకుని లేచింది. “పర్లేదు సార్. పోయినవాళ్లని మీరు మాత్రం ఏమని అడుగుతారు?”

ముసలివాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. సారు తల వంచుకున్నారు. ఆయన భార్య ముందు పెదవి బిగబట్టి, ఆపుకోలేక పకపకా నవ్వేశారు. ఆ నవ్వు తగ్గకుండానే భర్త చొక్కా జేబులోంచి తాళంచెవుల గుత్తి లాగి, పరిశోధకురాలి అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచారు.

“కాలేయం నాది తల్లీ, బెట్టే ఆయనది.”