బుడే సాయిబుకు వచ్చిన మాట

పక్షవాతం వచ్చిన ఇరవయ్యో రోజున బుడే సాయిబుకు మాట వచ్చింది.

వచ్చింది ఒక్కటే మాట.

"సూది" అన్నాడు.

మదార్‌బీ చేతిలో గంజి గిన్నె కింద పెట్టేసి వీధిలోకి పరుగెత్తింది. "మా ఆయన మాట్లాడాడమ్మా!" అని కేకేసింది. బుడే సాయిబు అద్దంకి దగ్గర ఆ పల్లెలో నలభై ఏళ్లుగా దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. మిరపకాయల కోతకు పోతున్న ఆడవాళ్లు ఆగిపోయారు. మదార్‌బీ తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

పక్కింటి అంకమ్మ వచ్చి మంచం దగ్గర కూర్చుంది.

"పేణమంతా చేసే పని మీదే ఉంది వదినా. ఓ సూది చేతికిచ్చి చూడు."

ఆయనకు మెడ తిరగదు. కాళ్లూ చేతులూ లేవవు. ఎడమచేతి వేళ్లు మాత్రం కాస్త కదులుతాయి. మదార్‌బీ ఆ వేళ్ల మధ్య సూది పెట్టింది. ఆయన జారవిడిచాడు.

"కావాలా?" అంది.

"సూది."

"వద్దా?"

"సూది."

ఆయన కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. సంతోషమనుకుంది మదార్‌బీ.

మర్నాడు కాంపౌండరు ప్రేమదాసు సైకిలు మీద వచ్చాడు. విషయం విని నవ్వాడు.

"సూదిమందు అడుగుతున్నాడమ్మా. తనకేం కావాలో రోగికే తెలుస్తుంది."

ఇంజెక్షను చేశాడు. బుడే సాయిబు ఇంకా గట్టిగా "సూది" అన్నాడు. పది రోజులు వరసగా చేశాడు. పది రోజులూ అదే కేక.

పదకొండో రోజున ప్రేమదాసు తల గోక్కున్నాడు. "ఇది అడగడం కాదమ్మా, భయం. సూదంటే హడలిపోతున్నాడు. మాత్రలు నూరి పోయండి."

మాత్రలు నూరి పోసింది. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. ఆయన పొద్దున లేస్తూనే సూది అనేవాడు. గంజి మింగి సూది అనేవాడు. అడిగే కొద్దీ అదే మాట. మదార్‌బీకి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

"నడుం మీద పుండు పడిందండీ" అని ఒకరోజు కాంపౌండరుతో చెప్పింది.

"మంచాన పడ్డవాళ్లకు అది మామూలేనమ్మా."

అంకమ్మ సాయంతో ఆయన్ను పక్కకు తిప్పింది. వేపాకు నూరి పట్టించింది. మళ్లీ జాగ్రత్తగా వెల్లకిలా పడుకోబెట్టింది.

రెండు నెలలు దాటాక ఒక పొద్దున ఆయన ఏమీ అనలేదు. మధ్యాహ్నమూ అనలేదు. తర్వాత రోజూ అంతే.

"నెమ్మదించాడు. మందు పనిచేసింది" అన్నాడు ప్రేమదాసు.

మదార్‌బీకి మాత్రం ఇల్లు బావురుమన్నట్టుంది. మూడో రోజు మంచం పట్టె మీద తల ఆనించి బతిమాలింది.

"ఒక్కసారి అనయ్యా. ఆ సూదే అను. నీ గొంతు వినకుండా ఎట్టా ఉండేది?"

ఆయన ఆమె వైపు చాలాసేపు చూశాడు. పెదవులు విడివడ్డాయి. మళ్లీ మూసుకున్నాయి. చూపు ఇంటికప్పు మీదికి మళ్లించాడు. ఆ తర్వాత ఎవరెంత పిలిచినా చూపు దించలేదు.

ఎండలు ముదిరాయి. కళ్లాల నుంచి మిరపకాయల ఘాటు ఊరంతా కమ్మేసింది. ఇంట్లో ఉక్కపోత. నలుగురూ కలిసి ఆయన్ను వాకిట్లో పందిరి కింద నులక మంచం మీదికి మార్చారు.

దూది ఎండలో పోద్దామని, ఆయనకు మాట వచ్చిన రోజు పొద్దున తానే కొత్తగా కుట్టి ఆయన నడుం కింద పరిచిన పరుపును విప్పుతుంటే, లోపల దారంతో సహా మొన పైకి పెట్టి నిలబడిపోయిన పొడుగాటి సూది మదార్‌బీ వేలికి గుచ్చుకుంది.