పన్నెండో ఇంటర్వ్యూ

“మీ ఆయన చెన్నై వెళ్ళి ఎన్నేళ్ళయింది?”

లక్ష్మణమ్మ నోరు తెరిచింది. ఏమీ తోచలేదు. కట్టుకున్న మొగుడు ఇల్లు వదిలిన ఏడాది మరిచిపోయే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని తన మీద తనకే సిగ్గేసింది.

ఎదురుగా కుర్చీలో కూర్చున్న అమ్మాయి, మహతి, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కాసేపు ఆలోచించింది. “మూడేళ్ళా?” అంది.

“మూడేళ్ళే పాపా!”

అనగానే అంతా కళ్ళ ముందుకొచ్చింది. కోటబొమ్మాళి స్టేషన్లో చినబాబు, భుజాన నీలం సంచి, “నాలుగు నెలల పనే, వచ్చీస్తాను” అన్న మాట. ఇంత పెద్ద సంగతి ఇందాకటి దాకా ఎక్కడికి పోయింది?

మహతి శ్రీకాకుళంలో సోషియాలజీ ఎమ్మే రెండో ఏడు చదువుతోంది. వలస పోయిన మగవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారో వాళ్ళ నోటితోనే విని, వాళ్ళ మాటల్లోనే రాయాలి. పన్నెండు మంది కావాలి. లక్ష్మణమ్మ పన్నెండోది. రేపే కాలేజీలో ఇచ్చేయాలి. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగకూడదని వాళ్ళ సారు నేర్పాడట కూడా. ఇవన్నీ ఈ పిల్ల తనకి ఎప్పుడు చెప్పిందో లక్ష్మణమ్మకి గుర్తు లేదు. తెలుసు, అంతే.

చదువుకున్న పిల్లే, కాదనలేం. కానీ ఎదుటి మనిషి మొహం ఒక్కసారి చూస్తే ఏం పోయింది? ఎంతసేపూ ఆ మీటలు నొక్కడమే. మంచినీళ్ళిస్తే గ్లాసు వైపు చూడనైనా లేదు.

“ఒక కూతురు ఉందా?”

“ఉన్నాది. ఈశ్వరి.”

పెరట్లోంచి “అమ్మా!” అని కేక. గౌనేసుకున్న ఎనిమిదేళ్ళ పిల్ల పరుగెత్తుకొచ్చి ఒళ్ళో వాలింది. చెమట, కొబ్బరినూనె కలిసిన వాసన. లక్ష్మణమ్మ పిల్లని గట్టిగా హత్తుకుంది. ఇది లేకుండా ఇంతసేపూ ఎలా ఉన్నానా అనుకుంటే ఏడుపొచ్చింది.

“ఎనిమిదేళ్ళంటే మరీ చిన్నది” అని మహతి గొణుక్కుంది. టకటకా ఏదో నొక్కింది. “పదమూడు.”

ఒళ్ళో బరువు పెరిగింది. ఈశ్వరి లేచి నిలబడి చున్నీ సర్దుకుంది.

“ఏటమ్మా, అలా సూస్తన్నావు?” అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

లక్ష్మణమ్మకి ఒళ్ళు జలదరించింది. అనుమానం లేదు, ఈ పిల్లకి చేతబడి, చిల్లంగి వచ్చు. నిమ్మకాయలతో చేసేవాళ్ళ గురించి వింది గానీ, లాప్‌టాప్‌తో చేసేవాళ్ళని చూడటం ఇదే మొదలు. గుమ్మంలో ఎండ ఇందాక ఎక్కడుందో అక్కడే ఉంది, అంగుళం జరగలేదు. వీధిలో కాకి కూడా అరవడం లేదు.

“ఇక్కడికి రైలు కూత వినిపిస్తుందా?”

“వినపడతాది” అందో లేదో, దూరంగా రైలు కూసింది.

లేచి, కూతుర్ని తీసుకుని పారిపోదామనుకుంది. కాళ్ళు కదలలేదు. కదలకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. ఈ పిల్ల కూతుర్ని అడిగింది, కూతురొచ్చింది. రైలుని అడిగింది, రైలొచ్చింది. చిల్లంగైతే మాత్రమేం, మనకి మంచే జరుగుతున్నప్పుడు?

“పాపా” అంది, చేతులు జోడించి. “ఏటేటో అడిగినావు. ఒక్కటి అడగనేదు. మాయన తిరిగొచ్చీసినాడా అని అడుగు. అదొక్కటీ అడుగు తల్లీ, నీకు పున్నెం ఉంటాది.”

మహతి తలెత్తింది. లక్ష్మణమ్మ వైపే చూసింది గాని, చూపు ఆమె మీద ఆగకుండా వెనకున్న గోడ దాకా వెళ్ళిపోయింది.

“ఈ మాట బాగుంది” అని చిన్నగా నవ్వి, ఆ మాటనే రాసుకుంది. తర్వాత కాసేపు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

“మరి... మీ ఆయన మళ్ళీ ఎప్పుడైనా...”

బయట మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సంచి కింద పెట్టిన చప్పుడు. ఆ వెంటనే దగ్గు. ఆ దగ్గు చినబాబుది. లక్ష్మణమ్మ ఒక్క ఉదుటున లేచింది.

“ఈశ్వరీ! మీ నాన్నే!”

తలుపు దగ్గరకి పరుగెత్తి గడియ మీద చెయ్యి వేసింది. అప్పుడే మహతి ఫోను మోగింది. మీటల మీద వేళ్ళు ఆగాయి. బయట అలికిడీ ఆగింది.

“మహతీ, పదకొండు రికార్డింగులూ విన్నాను.” గైడు నరసింగరావు సారు గొంతు స్పీకర్లో ఖంగుమంది. “పన్నెండో ఆవిడది ఏది? పేరొక్కటే పంపావు.”

“రాసేస్తున్నాను సార్. ఇంకో పేజీ.”

“రాత కాదమ్మా, ఆవిడ గొంతు కావాలి. రికార్డింగు లేకపోతే రేపు తీసుకోరు. పోనీ ఆవిడ నంబరివ్వు, నేనే ఒకసారి మాట్లాడతాను.”

“మాటాడతాను, ఇయ్యి పాపా!” లక్ష్మణమ్మ తలుపు దగ్గర్నించే అరిచింది. “మీ సారుకి ఏటి కావాలంటే అది సెప్తాను. ముందు ఆ పెశ్న పూర్తి సెయ్యి. మాయన గుమ్మంలో ఉన్నాడు.”

సారు వినలేదు. మహతీ వినలేదు. గడియ ఎంత లాగినా రావడం లేదు.

“మాట్లాడవేం మహతీ? ఆవిడ పక్కనే ఉందా?”

మహతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లాప్‌టాప్ మూత మూయబోయింది.

“లక్ష్మణమ్మ అనే మనిషే లేదు సార్.”