మూడో వెలుగు

“ఒకసారి నొక్కితే దూరం, రెండోసారికి వెడల్పు. సూడత్తా!” యువరాజు తన కొత్త టార్చిని సముద్రం మీదికి తిప్పాడు.

మునిమాపు మసకలో మొగుడి పడవ కనబడేసరికి వరహాలమ్మకు ప్రాణం లేచొచ్చింది. తుఫాను గాలి మొదలైంది. ఊరి పడవలన్నీ ఒడ్డెక్కేశాయి, బంగారయ్యదొక్కటే మిగిలింది.

“మంచి లైటే తెచ్చావు అల్లుడూ. అలాగే పట్టు, మీ మావ సూసుకొని వచ్చేత్తాడు.”

“ఇంకోటుంది సూడు. మా నందిగాం జీడితోటల్లో ఎలుగుబంటి ఎదురైతే ఇదేత్తాం. ఒకటే పరుగు!”

మూడోసారి నొక్కాడు. వెలుగు టపటపా ఆరుతూ వెలుగుతోంది.

“ఆపు!” వరహాలమ్మ టార్చి లాక్కుంది. ఎక్కడ నొక్కాలో ఆమెకు తెలియలేదు.

పడవ ముక్కు మెల్లగా సముద్రం వైపు తిరిగింది.

“అదేటత్తా, మావ ఎనక్కెళ్ళిపోతన్నాడు?”

“లైటు ఆర్పి ఎలిగిత్తే, ఒడ్డున కెరటం బాగులేదు, రావొద్దని మా వోళ్ళకి గుర్తు బాబూ.”

యువరాజు టార్చి అందుకొని మీట నొక్కాడు. వెలుగు నిలిచింది. దూరాన బంగారయ్య వీపు మీద తెల్లగా పడింది.

ఒడ్డు మాట ఏనాడూ జవదాటని మనిషి, వెనక్కి తిరిగి చూడలేదు.