సబ్బు నురగ సాక్ష్యం

"ముందుగాల ఆ అగర్‌బత్తి ఆర్పుండ్రి సార్," అన్నాడు ఏసీ మెకానిక్ జగదీశ్వర్, గుమ్మంలోనే ఆగిపోయి.

అశోక్‌నగర్‌లో ఆ హాస్టల్ నడిపే రాజేశానికి అగర్‌బత్తి వెలగనిదే పొద్దు గడవదు. "దేవునికి పెట్టిన తమ్మీ. దానికీ ఏసీకీ ఏం సంబంధం?"

"ఏసీల ఉన్నది అంటుకునే గ్యాసు. లీకున్న రూంల నిప్పు ఉండొద్దు. కిటికీలన్నీ తెరువుండ్రి. చదువుకునేటోళ్లు జర బయటికి నడువుండ్రి."

రీడింగ్ రూంలోని కుర్రాళ్లంతా గ్రూప్స్ పుస్తకాలు చంకన పెట్టుకుని వరండాలోకి నడిచారు. అనురాగ్ మాత్రం గుమ్మం దగ్గరే పాతుకుపోయాడు. అతని ప్రాణమంతా గోడకున్న తెలంగాణ మ్యాపు వెనకాలే ఉంది. ఎందుకంటే ఆ మ్యాపు వెనకాల ఒక మేకుంది. పోయిన నెల మ్యాపు తగిలించడానికి ఎవరూ చూడకుండా ఇటుక ముక్కతో దాన్ని కొట్టింది అతనే. ఏసీ చల్లటి గాలి ఇవ్వడం మానేసింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే.

రాజేశం సంగతి తెలిసిందే కదా! కోపమొస్తే అరిచి ఊరుకునే రకం కాదు, బోర్డు రాయిస్తాడు. చెప్పులకో బోర్డు, నల్లాకో బోర్డు, ఫోన్లకో బోర్డు. ఆ మధ్య పక్క గదిలో గోడ పెచ్చూడిందని మండిపడి, రీడింగ్ రూంలో పెద్ద రేకు బోర్డు ఇంకోటి స్వయంగా తగిలించాడు.

జగదీశ్వర్ కళ్లద్దాలు, గ్లౌజులు తొడుక్కున్నాడు.

"చల్లటి గ్యాసుకు గ్లౌజులేంది?" రాజేశం నవ్వాడు.

"ఆ చల్లదనానికే సార్. మీద పడితే కాలినట్టే బొబ్బలొస్తయి."

"గీ పరేషానంత ఎందుకు? ఉన్నదాన్ని గాలికి ఇడిచిపెట్టి కొత్తది నింపెయ్."

"గాలికి ఇడిస్తే ఎండలు ఇంకింత ముదురుతయి. ఉన్నది సిలిండర్లకు గుంజుకుంట. లీకు దొరకనిది నింపేదే లేదు."

అన్నట్టే మిషన్ పెట్టి గ్యాసంతా సిలిండర్లోకి లాగాడు. ఖాళీ పైపులోకి నైట్రోజన్ ఎక్కించి, అతుకులన్నిటికీ బ్రష్షుతో సబ్బు నురగ పూశాడు. లీకున్న చోట బుడగ లేవాలి. లోపల బుడగ లేదు. బాల్కనీలో ఉన్న ఏసీ పెద్ద డబ్బా దగ్గరా లేదు. చివరికి గోడ మీద చెయ్యి ఆనించాడు.

"పైపు గోడల నుంచే పోయిందా సార్? ఎవరన్నా మేకు కొట్టిండ్రా?"

రాజేశం కళ్లెర్రజేశాడు.

"నా గోడకు మేకా? కొట్టినోడు ఎవడైనా సరే, వాని సామాను నేనే నెత్తిన పెట్టుకొని కిందికి దించుత. గీ పూటనే!"

పరీక్ష ముంచుకొస్తోంది. ఇప్పుడు రోడ్డున పడితే చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా తిరిగినా మంచం దొరకదు. ఊళ్లో నాయనకు ఏమని చెప్పాలి? మెకానిక్ అడుగులు మ్యాపు వైపే పడుతున్నాయి. ఇక దాచి లాభం లేదు.

"నేనే కొట్టిన సార్," అన్నాడు అనురాగ్, ఏడుపొక్కటే తక్కువగా. "ఆ మ్యాపు కిందున్నది నా మేకే."

"నువ్వా! నెమ్మదస్తుడివి అనుకున్న గదరా!"

రాజేశం మాట మీద నిలబడే మనిషి. గబగబా పక్క గదిలోకి పోయి అనురాగ్ సూట్‌కేసు నెత్తికెత్తుకుని వచ్చాడు. వరండాలో కుర్రాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారు.

"ఆగుండ్రి సార్," అన్నాడు జగదీశ్వర్. మ్యాపు తీసి మేకు చుట్టూ నురగ పూసి చూస్తున్నాడు. "ఈడ బుడగ వస్తలేదు. పైపు దీనికి జానెడు కిందికి ఉన్నది."

అనురాగ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. జగదీశ్వర్ గోడ వెంబడి నాలుగడుగులు వేసి, పెద్ద రేకు బోర్డు ముందు ఆగాడు. దాన్ని తీస్తే కింద బొటనవేలంత మేకు. బ్రష్షు తగిలించాడో లేదో, అన్నం కుండ పొంగినట్టు నురగ బుసబుసా పొంగింది.

"ఇదే లీకు. ఎవరు కొట్టిండ్రు సార్ దీన్ని?"

రాజేశం నెత్తి మీద సూట్‌కేసుతో అలాగే నిలబడిపోయాడు. జగదీశ్వర్ ఆ బోర్డును తెచ్చి ఆయన చేతికిచ్చాడు. వరండాలోని కుర్రాళ్లంతా దాన్ని ఒక్క గొంతుతో పైకి చదివారు.

"గోడలకు మేకులు కొట్టరాదు."