మఫ్లరు మనిషి

ఆసుపత్రి హాల్లో పక్క కుర్చీలోని మఫ్లరు మనిషి మీద పెయింటర్‌కి ఒళ్లు మండిపోయింది.

పరిచయం లేదు, పలకరింపు లేదు. నిగనిగలాడే పెయింటర్ బట్టతల వంక ఎగాదిగా చూసి అడిగాడు.

"జుట్టు మొలిచే మాత్రలేమైనా వాడుతున్నారా?"

"నా నెత్తి నీకేం అడ్డమొచ్చిందయ్యా? జబ్బుతో నేనేడుస్తుంటే వేళాకోళమా?"

జబ్బు చిన్నదేం కాదు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అడుగంటింది, టీ4 ఆకాశాన్నంటింది. "థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోంది, మందిచ్చి కాల్చేయాలి. ఆపైన బతికినంతకాలం మాత్రలే" అని వీధి చివర డాక్టరు ఒక్క చూపుతో తేల్చేశాడు. పెళ్లాం పోరుపెట్టి ఈ గ్రంథుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కొచ్చింది.

మఫ్లరు మనిషి వదల్లేదు. "ఏదీ, చెయ్యి చాపండి."

చాపాడు, తోసేద్దామని. స్కేలు లేకుండా బోర్డు మీద తిన్నగా గీత గీసే చెయ్యి అది.

"వణుకే లేదే! గుండె దడా? ఒళ్లు తగ్గారా?"

"నీ గోల తప్ప నాకే బాధా లేదు. లేచి అవతలికి పో!"

ఆ మనిషి నొచ్చుకోలేదు. "లోపల డాక్టరమ్మకైనా నిజం చెప్పండి" అంటూ లేచి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది, మెడ తడిమింది, చేతులు పరీక్షించింది.

"జుట్టు కోసం మాత్రలేమైనా వాడుతున్నారా?"

పెయింటర్ నీళ్లు నమిలాడు. "అదీ... బ్రష్షుల డబ్బాలో దాచుకుని..."

పెళ్లాం గుడ్లురిమింది. "ఎవరి కోసమయ్యా ఈ సోకు?"

"నీకోసమేనే! మొన్న పెళ్లిలో నన్ను మీ నాన్ననుకున్నారు కదే!"

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "వాటిలో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. పరీక్ష లెక్కల్నే తారుమారు చేస్తుంది. అవి ఆపేసి, వారం పోయాక మళ్లీ చేయించండి."

వారం పోయింది. అంకెలన్నీ దారికొచ్చాయి.

పెయింటర్ రిపోర్టుని జెండాలా ఊపుతూ బయటికొచ్చాడు. "నాకే రోగమూ లేదే! మందూ లేదు, మాకూ లేదు!" హాలంతా అదిరిపోయింది. కూర్చున్నవాళ్లు కూడా నవ్వేశారు. పెళ్లాం ఆ బట్టతలని అందరి ముందే ముద్దుగా నిమిరింది.

అప్పుడు కనబడింది, ఆ రోజు మఫ్లరు మనిషి కూర్చున్న కుర్చీ, ఖాళీగా.

"ఆ మఫ్లరాయన ఏరీ? చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పాలి" అన్నాడు అటెండరుతో.

"కూతురి ఊరికి వెళ్లిపోయారండీ, ఇక రారు."

"ఆయనకి నా మాత్రల సంగతి ఎలా తెలిసింది?"

అటెండరు గొంతు తగ్గించాడు.

"ఆయనా ఆ మాత్రలే వేసుకునేవారట, ఆ ఒక్క మాట ఆయన్ని ఎవరూ అడగలేదు, ఏ జబ్బూ లేని గ్రంథిని మొత్తం కాల్చేసేదాకా."